పురిటింట పది రాత్రులు

ఇంట శిశూదయమైనదని తెలియగానే గృహస్థులు ముందుగా బంధువులకు కబురు చేస్తారు. ఆ వెంటనే పురోహితునికి ఫోను చేస్తారు. జన్మనక్షత్రమేది, పాదమేది, దోషమేమైనా ఉన్నదా, పురుడు ఏనాటితో తీరుతుంది, అంతవరకు దేవుని గదిలో దీపం వెలిగించవచ్చునా, పక్క ఊరిలోని జ్ఞాతులకు కూడా పట్టింపు ఉన్నదా అని వరుసగా ప్రశ్నలు వస్తాయి. ఇవి అడగదగిన ప్రశ్నలే, కాదనను. అయితే ప్రసవించిన తల్లి ఎలా ఉన్నది, బిడ్డ పాలు అందుకున్నదా అన్న మాటలు మాత్రం మనంతట మనం అడిగితే తప్ప ఆ సంభాషణలోకి రావు. అర్చకత్వము, పౌరోహిత్యము వృత్తిగా గల నాకు ఈ ఫోన్లు దశాబ్దాలుగా అలవాటు. వాటిని వింటూ వింటూ నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటున్నది. శాస్త్రం పేరిట పురిటి గదిలో జరుగుతున్న వాటిలో కొన్ని శాస్త్రంలో కనబడవు. శాస్త్రంలో స్పష్టంగా ఉన్నవి కొన్ని పురిటి గదిలో జరగడం లేదు. కొత్తగా తల్లిదండ్రులైన వారు, వారికి అండగా నిలిచే పెద్దలు ఈ రెంటినీ తెలుసుకోవడం అవసరం.

తండ్రి ఒడిలో తొలి ఘడియ

తెలుగునాట వైదిక కుటుంబాలలో అధిక భాగం కృష్ణయజుర్వేదానికి, ఆపస్తంబ సూత్రానికి చెందినవి. ఆపస్తంబ గృహ్యసూత్రంలో పదిహేనవ ఖండం జాతకర్మను చెబుతుంది. అక్కడ మొట్టమొదట కనిపించేది తండ్రి. పుట్టిన బిడ్డను అతడు తైత్తిరీయ సంహితలోని వాత్సప్రమనే అనువాకంతో స్పృశించాలి. ఆ పిమ్మట ఒడిలోకి తీసుకోవాలి, శిరస్సును ఆఘ్రాణించాలి, కుడి చెవిలో మంత్రం జపించాలి. నక్షత్ర నామాన్ని నిర్దేశించాలి, దానిని రహస్యంగా ఉంచాలి. తరువాత తేనె, నెయ్యి కలిపి, దర్భతో కట్టిన బంగారంతో శిశువుకు ప్రాశనం చేయించాలి. స్నానమైన తరువాత బిడ్డను తల్లి ఒడిలో ఉంచి కుడి స్తనం అందించాలి. శిరస్సు వైపున నీటి కుండను నిలపాలి. ఇంతటితో తొలి ఘట్టం ముగుస్తుంది.

ఈ క్రమాన్ని చదివినప్పుడల్లా నాకు నేటి ఆచారం గుర్తుకు వస్తుంది. తొలి కాన్పు పుట్టింట జరగడం మన సంప్రదాయం. కాన్పు నాటికి అల్లుడు తన ఊరిలో, తన ఉద్యోగంలో ఉంటాడు. కబురు అందాక వచ్చి, గుమ్మం అవతల నిలబడి, అత్తగారు చూపిన బిడ్డను చూసి, కానుక చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. తిరిగి రావడం పదకొండవ నాడే. ఇదంతా మర్యాద కోసం ఏర్పడిన పద్ధతి గాని విధి కాదు. సూత్రకారుడు తండ్రిని మొదటి ఘడియలోనే బిడ్డ పక్కన కూర్చోబెట్టాడు.

ఇక్కడే నక్షత్ర దోషం ప్రసక్తి వస్తుంది. మూల, ఆశ్లేష, జ్యేష్ఠ మొదలైన నక్షత్రాలలో కొన్ని పాదాలకు శాంతి చెప్పిన మాట నిజం. శాంతి జరిగే వరకు తండ్రి బిడ్డ ముఖం చూడరాదని, ఆనాడు నూనె గిన్నెలో ప్రతిబింబం చూసిన తరువాతనే నేరుగా చూడాలని ఇళ్లలో పట్టుబడతారు. చంద్రుడు మరల ఆ నక్షత్రానికి రావడానికి ఇరవై ఏడు రోజులు పడుతుంది. అంటే దాదాపు నెల దినాల పాటు ఒక యువకుడు తన తొలి సంతానాన్ని తాకకుండా ఉండాలి. అంతకంటే బాధాకరమైనది, అప్పుడే ప్రసవించిన తల్లి తన బిడ్డ వల్ల భర్తకు కీడు జరుగుతుందేమోనన్న భయంతో ఆ బిడ్డకు పాలివ్వాలి. అలాంటి ఇళ్లకు వెళ్లినప్పుడు నేను చెప్పేది ఒక్కటే. "నాయనా, శాంతి విధిగా చేయిద్దాం. దానికి తిథి, నక్షత్రం చూసి నేనే వస్తాను. ఈలోగా నువ్వు కాళ్లు చేతులు కడుక్కొని లోపలికి వెళ్లి బిడ్డను ఎత్తుకో." ఇందుకు సమ్మతించని పండితులున్నారు. వారితో వాదం పెట్టుకోను. జాతకర్మ ఆరంభమే తండ్రి స్పర్శ అయినప్పుడు, ఆ స్పర్శనే నిషేధించే ఆచారానికి అంతకంటే బలమైన ప్రమాణం చూపవలసిన భారం వారిది.

నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టిన శిశువులను నేడు ఆసుపత్రులలో తల్లి గుండెలపైన, ఆమెకు వీలుకానప్పుడు తండ్రి గుండెలపైన ఆచ్ఛాదన లేకుండా ఆనించి ఉంచమంటున్నారు. శరీరపు వెచ్చదనంతో బిడ్డ కుదురుకుంటుందట. సూత్రంలో ఒడి అన్నారు కనుక ఈ వైద్యం మన ఋషులకు ముందే తెలుసునని చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. ప్రతి దానినీ అలా ముడిపెట్టడం శాస్త్రానికి గౌరవం కాదు. తండ్రి బిడ్డను గుండెలకు హత్తుకోవడానికి మన ధర్మం అడ్డు రాదని మాత్రం నిస్సంశయంగా చెప్పగలను.

ముర్రుపాలు, తేనె

ప్రసవించిన వెంటనే వచ్చే చిక్కని పసుపుపచ్చని పాలను పిండి పారబోసి, మూడవ నాటి నుంచి గాని బిడ్డకు పట్టని ఆచారం నిన్నమొన్నటి వరకు మన పల్లెలలో ఉండేది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆవు ఈనితే ఆ జున్నుపాలను ఇరుగుపొరుగుకు పంచి మరీ తింటాం. మన బిడ్డకు మాత్రం మన ముర్రుపాలు పనికిరావా! సుశ్రుత సంహితలో స్తన్యం మూడు నాలుగు రాత్రుల తరువాత ప్రవర్తిస్తుందని ఉన్న మాట వాస్తవమే. పాలు ధారగా పడేది ఆ సమయానికే అని తల్లులందరూ ఎరుగుదురు. అంతకు ముందు వచ్చే కొద్దిపాటి ముర్రుపాలు రోగనిరోధక శక్తికి ఆధారమని, పుట్టిన గంటలోపే బిడ్డను స్తన్యానికి చేర్చాలని, ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా పట్టరాదని నేటి వైద్యులు ముక్తకంఠంతో చెబుతున్నారు. గృహ్యసూత్రం ఆ విషయంలో వారి పక్షానే ఉన్నది. జాతకర్మలోనే బిడ్డను స్తన్యానికి చేర్చమన్నది. పిండి పారబోయమని అక్కడ లేదు.

తేనె విషయం ఇంత సులువైనది కాదు. తేనె, నెయ్యి ప్రాశనం సూత్రంలో ఉన్నది, మనుస్మృతి రెండవ అధ్యాయంలో ఉన్నది, చరక సంహితలోనూ ఉన్నది. కాదనడానికి వీలులేని విధి. తేనెలో ఒక్కొక్కప్పుడు బోట్యులినం అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చునని, పెద్దల ప్రేగులలో అవి ఏమీ చేయలేకపోయినా ఏడాది నిండని శిశువు ప్రేగులలో మొలకెత్తి విషాన్ని పుట్టించి నరాలను చచ్చుబడేలా చేస్తాయని, ఇంట్లో కాచినంత మాత్రాన ఆ బీజాలు నశించవని వైద్యులు చెబుతున్నారు. అందుకే ఏడాది నిండే వరకు ఒక్క చుక్క తేనె కూడా వద్దంటున్నారు. ఇది అరుదుగా వచ్చే వ్యాధి. కాని వచ్చినప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది.

నేటి ఇళ్లలో జాతకర్మ పుట్టిన ఘడియలో జరగడం లేదు. పదకొండవ నాడు నామకరణంతో కలిపి చేస్తున్నాం. కాలం మారినందువల్ల కర్మ లోపించలేదని అందరం అంగీకరించాం. మరి ద్రవ్యం విషయంలో బిడ్డ ప్రాణాన్ని చూసి సర్దుబాటు చేసుకోవడానికి సంకోచమెందుకు? నా పద్ధతి ఇది. బంగారు ఉంగరంతో తేనె, నెయ్యి కలిపి, మంత్రం పూర్తిగా చెప్పి, ఆ పాత్రను బిడ్డకు చూపి, ప్రాశనం తల్లి చేత చేయిస్తాను. బిడ్డకు ఆహారమంతా ఆ రోజుల్లో తల్లి ద్వారానే అందుతుంది కదా. ఉంగరాన్ని బిడ్డ పెదవులకు తాకించమని బామ్మగార్లు అడుగుతూనే ఉంటారు. "అమ్మా, మొదటి పుట్టినరోజు నాడు మీ చేతులతోనే నాకించండి, నేను మంత్రం చెబుతాను" అంటాను. కొందరు నవ్వి ఊరుకుంటారు, కొందరు కోపగించుకుంటారు. ఈ కారణం మీద నన్ను పిలవడం మానుకున్న ఇల్లు కూడా ఒకటున్నది.

బిడ్డకు పాలు చాలడం లేదని మూడవ రోజుకే డబ్బాపాలు తెప్పించే తొందర ఇప్పుడు ఎక్కువైంది. తొలి రోజున శిశువు కడుపులో పట్టేది ఒక్క చెంచాడు మాత్రమే. మొదటి వారంలో బరువు కొంత తగ్గడం, రెండు వారాల నాటికి తిరిగి పుంజుకోవడం సహజం. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతూ, అయిదారు రోజులు వచ్చాక ఆరు సార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తూ ఉంటే పాలు చాలుతున్నట్లే. అనుమానముంటే డబ్బా కంటే ముందు వైద్యుని సలహా తెచ్చుకోవాలి. అర్ధరాత్రి బిడ్డ ఏడ్చినప్పుడల్లా "నీకు పాలు పడటం లేదే" అన్న మాట ఆ తల్లి చెవిన పడకుండా చూడగలిగితే అదే ఇంటిల్లిపాదీ ఆమెకు చేసే మహోపకారం.

అశౌచమంటే ఏమిటి?

పురుడు అన్న మాట వినగానే అపవిత్రత అని అర్థం చేసుకుంటున్నాం. ధర్మశాస్త్ర వ్యాఖ్యాతలు అశౌచాన్ని రెండు విధాలుగా విభజించారు. కర్మలకు అధికారం లేకపోవడం ఒకటి, స్పర్శకు యోగ్యత లేకపోవడం మరొకటి. మృతాశౌచం వేరు, జాతాశౌచం వేరు. తెలుగువారు జాతాశౌచాన్ని వృద్ధి అని కూడా పిలుచుకుంటారు. ఆ పేరులోనే వంశం పెరిగిన సంతోషమున్నది. జ్ఞాతులకు ఈ పది రోజులు దైవ, పితృ కర్మలలో అధికారం లేదు. అంతే గాని వారిని తాకితే దోషం లేదు. తండ్రి స్నానంతో స్పర్శకు యోగ్యుడవుతాడని మనుస్మృతి అయిదవ అధ్యాయం చెబుతుంది. స్పర్శ నియమం పదిరాత్రులు తల్లికి మాత్రమే మిగిలింది.

ఆ నియమాన్ని సరిగా గ్రహించాలి. బాలింతను తాకినవారు స్నానం చేయాలన్నది నియమం. ఆమెను ఎవరూ తాకరాదన్నది నియమం కాదు. అలా అయితే మంత్రసాని మాటేమిటి, లాల పోసే అమ్మమ్మ మాటేమిటి? స్నానం చేయవలసిన బాధ్యత తాకినవారిది. ఒంటరితనం బాలింతకు విధించిన శిక్ష కాదు. ఆమె వంట చేయనవసరం లేదు, పూజ చేయనవసరం లేదు, అతిథులను చూడనవసరం లేదు. ఇంటిలోని సమస్త కర్తవ్యాల నుంచి ఆమెను పది రోజులు విడిపించే ఏర్పాటుగా నేను దీనిని చూస్తాను. వెనుకటి గదిలో, చీకటిలో, విడి కంచం, విడి గ్లాసు పెట్టి, పిలిచినా పలకకుండా ఉండడానికి అశౌచాన్ని అడ్డం పెట్టుకుంటే ఆ పాపం శాస్త్రానిది కాదు.

కొన్నేళ్ల క్రిందటి సంగతి. ఒక ఇంటి నుంచి తొమ్మిదవ నాడు సాయంత్రం ఫోను వచ్చింది. మనుమడు ఉదయం నుంచి పాలు అందుకోవడం లేదు, ఒళ్లు చల్లబడుతున్నది, లేపినా కళ్లు తెరవడం లేదు. "పంతులుగారూ, ఎల్లుండి శుద్ధి అయిపోతుంది కదా, అప్పుడు పట్నం తీసుకువెళ్తే సరిపోతుందా, పురుటిలో పొలిమేర దాటవచ్చునా?" అని తాతగారి ప్రశ్న. "అయ్యా, ఫోను పెట్టేసి బండి కట్టించండి, ఈ రాత్రికే చేరాలి" అన్నాను. రక్తానికి ఇన్ఫెక్షను సోకిందని, మరికొంత ఆలస్యమైతే కష్టమని అక్కడి వైద్యులు చెప్పారట. మూడు వారాలు ఆసుపత్రిలోనే గడిచాయి. నామకరణం ముప్పై ఒకటవ రోజున చేశాం. ఆ పిల్లవాడు ఇప్పుడు మా దేవాలయ ప్రాంగణంలో చెప్పులు తిరగేసి పరుగులు పెడుతుంటాడు.

ఆ తాతగారు అజ్ఞాని కాదు, నిష్ఠాపరుడు. అందుకే ఈ మాట నిష్ఠగల ఇళ్లకే చెబుతున్నాను. శిశువు పాలు మానివేసినా, ఒళ్లు కాలినా, చల్లబడినా, నిమిషానికి అరవైకి మించి వేగంగా ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరవేస్తున్నా, ఫిట్సు వచ్చినా, పుట్టిన ఒకరోజు లోపలే పచ్చబడినా, ఆ పసుపు అరచేతులకు, అరికాళ్లకు పాకినా, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము పట్టినా ముహూర్తం చూడకూడదు. పసిరిక మందు, తాయెత్తు ఆ తరువాత సంగతి. ఎండలో చూపితే కామెర్లు తగ్గుతాయని రోజులు గడపడమూ ప్రమాదమే. 2011 నుంచి ప్రభుత్వ పథకం ప్రకారం ఆశా కార్యకర్తలు మూడవ, ఏడవ, పద్నాలుగవ, ఇరవై ఒకటవ, ఇరవై ఎనిమిదవ, నలభై రెండవ రోజులలో ఇంటికి వచ్చి శిశువును చూస్తున్నారు. పురుడని చెప్పి వారిని గుమ్మం నుంచే పంపివేయడం కొన్ని చోట్ల విన్నాను. లోపలికి రానివ్వండి. బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకా పుట్టగానే పడవలసినవి. అవి కూడా అశౌచం కోసం ఆగవలసినవి కావు.

వచ్చిపోయేవారు

ఆపస్తంబ సూత్రంలో నాకు ఎంతో ఇష్టమైన ఒక విధి ఉన్నది. పురిటి గదిలో అగ్నిని ఉంచి, బియ్యపు తవుడు, ఆవాలు కలిపి అందులో వేయాలి. ఎవరైనా లోపలికి ప్రవేశించినప్పుడల్లా మౌనంగా మరల వేయమని చెప్పాలి. పది రాత్రులు గడిచే వరకు ప్రతిదినం ఇలా జరగాలి. అంటే ప్రతి రాకకు ఒక కట్టుబాటు ఉన్నది. ఊరకే తలుపు తోసుకొని వచ్చి బిడ్డను అందుకోవడానికి వీలులేదు.

శ్రీమద్భాగవత దశమ స్కంధంలో పూతన వృత్తాంతాన్ని ఈ దృష్టితో చదవండి. నందుడు జాతకర్మ చేయించి, గోదానాలు చేసి, పన్ను చెల్లించడానికి మథురకు వెళ్లాడు. ఇంట్లో ఆడవారే ఉన్నారు. చక్కని వేషంతో వచ్చిన స్త్రీ నేరుగా లోపలికి నడిచి, పడకపైనున్న శిశువును ఒడిలోకి తీసుకున్నది. తల్లులు ఆ తేజస్సుకు నివ్వెరపోయి చూస్తూ నిలబడ్డారే గాని అడ్డు చెప్పలేకపోయారు. మర్యాద అడ్డు వచ్చింది. ఈనాటి కొత్త తల్లి పరిస్థితీ అదే. దగ్గుతూ వచ్చిన దూరపు బంధువు బిడ్డను ముద్దాడుతుంటే కాదనలేక, కోడలు నోరు విప్పిందన్న మాట పడలేక మౌనంగా ఉండిపోతుంది. ఆ మాట అనవలసినది ఇంటి పెద్ద. చేతులు సబ్బుతో కడుక్కోమని, జలుబు ఉన్నవారు గుమ్మంలో నుంచే చూసి వెళ్లమని, ముఖం మీద ముద్దు పెట్టవద్దని తాతగారో మామగారో చెబితే ఎవరికీ కష్టం తోచదు. పూతన పడిపోయిన తరువాత గోపికలు ఆవు తోకను శిశువు చుట్టూ తిప్పి, నామాలతో అంగరక్ష చేసి, తల్లి చేతికి ఇచ్చారు. యశోద పాలిచ్చి పడుకోబెట్టింది. తిరిగి వచ్చిన నందుడు బిడ్డను ఎత్తుకొని శిరస్సు ఆఘ్రాణించి ఆనందించాడు.

పొగ విషయంలో ఒక హెచ్చరిక. సూత్రంలోని అగ్ని గాలి ఆడే పెంకుటిళ్ల కాలం నాటిది. నేటి అపార్టుమెంటు గదిలో కిటికీలు మూసి, మంచం కింద కుంపటి పెట్టి సాంబ్రాణి వేస్తే తల్లికీ బిడ్డకూ ఊపిరాడదు. బొగ్గుల కుంపటి నుంచి వచ్చే విషవాయువుకు వాసన కూడా ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గుమ్మానికి వేపమండలు కట్టండి, దేవుని ముందు ధూపం వేయండి. పురిటి గదిలో మాత్రం వద్దు.

లాల పోయడమంటే బామ్మలకు పండుగ. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను పడుకోబెట్టుకొని, చేయి తడిపి వేడి చూసుకొని పోసే ఆ నేర్పు పుస్తకాలలో దొరకదు. ఆ నేర్పుకు నా నమస్కారం. అయితే ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయడం, నోట్లో వేలు పెట్టి గొంతు శుభ్రం చేయడం, ఆముదం పట్టడం, బొడ్డుకు పసుపో బూడిదో అద్దడం మానాలి. బొడ్డు పొడిగా ఉంటే దానంతట అదే రాలిపోతుంది. వస కొమ్ము అరగదీసి నాకిస్తే మాటలు త్వరగా వస్తాయంటారు. వసపిట్టలా మాట్లాడే వారందరికీ చిన్ననాడు వస పోశారని నేను అనుకోను! దిష్టి చుక్క అరికాలికి పెట్టండి, కంటికి కాటుక వద్దు.

చరక సంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో శిశువు పడక, గుడ్డలు మెత్తగా, తేలికగా, శుభ్రంగా ఉండాలని, చెమటతో, మలమూత్రాలతో తడిసినవి తీసివేయాలని, అంత స్తోమత లేకుంటే ఉతికి ధూపం పట్టి బాగా ఆరబెట్టి వాడాలని ఉన్నది. స్తోమత లేనివారిని కూడా ఆ మహర్షి మరువలేదు. ఆటవస్తువులు రంగురంగులుగా, శబ్దం చేసేవిగా, మొన లేనివిగా, నోట్లో పట్టనివిగా ఉండాలన్నాడు. ఏడుస్తున్న బిడ్డను రాక్షసుల, పిశాచాల పేర్లు చెప్పి భయపెట్టరాదన్నాడు. బూచివాడికి పట్టిస్తానని బెదిరించే మనకు ఇది తెలియవలసిన మాట.

తల్లి మనస్సు

పథ్యం గురించి ఎంత చెప్పినా తరగదు. కాయం, శొంఠి, వెల్లుల్లి, బీరకాయ, పాత బియ్యం అన్నం మంచివే. కాని వాటితో పాటు నీళ్లు తాగనివ్వకపోవడమన్నది ఎక్కడి పథ్యమో నాకు అర్థం కాలేదు. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని గ్లాసులు లెక్కపెట్టడం దయలేని పని. పప్పు, కూరలు, పండ్లు, పాలు, పెరుగు ఆమెకు కడుపునిండా అందాలి.

మూడవ నాలుగవ రోజున బాలింతకు ఉన్నట్టుండి కంటనీరు తిరుగుతుంది. కారణం అడిగితే ఆమెకే తెలియదు. ఇది చాలామందికి వచ్చేదే, రెండు వారాల లోపల తగ్గిపోతుంది. తగ్గకపోతే, నిద్ర దొరికినా పట్టకపోతే, బిడ్డ మీద ధ్యాస లేకపోతే, తాను బతికి ప్రయోజనం లేదన్న మాట నోట వస్తే గాలి సోకిందని వీభూతి కోసం మా దగ్గరికి పంపుతారు. విభూతి ఇస్తాను, రక్షాబంధనం కడతాను. దానితో పాటు ఆ రోజే వైద్యుని వద్దకు తీసుకువెళ్లమని గట్టిగా చెబుతాను. ఇది ప్రసవానంతరం మనస్సుకు వచ్చే వ్యాధి, మందు ఉన్న వ్యాధి. ఆడపిల్ల పుట్టిందని ఇంట్లో ముఖాలు ముడుచుకున్న చోట ఈ కన్నీరు ఆగడం మరీ కష్టం. అదే గృహ్యసూత్రంలో, ప్రయాణం నుంచి తిరిగి వచ్చిన తండ్రి కుమారునితో పాటు కుమార్తెను కూడా మంత్రంతో పలకరించాలని ఉన్నది. ఆమెకు విడిగా ఒక యజుర్మంత్రమే ఉన్నది. ఎంతమంది తండ్రులు దానిని నేర్చుకున్నారు?

ఆరవ రాత్రి షష్ఠీదేవి పూజ చేసే ఇళ్లున్నాయి. స్వాయంభువ మనువు కుమారుడైన ప్రియవ్రతునికి ప్రాణం లేని శిశువు పుడితే, శ్మశానంలో విలపిస్తున్న ఆ రాజు ఎదుట దేవి ప్రత్యక్షమై బిడ్డను బతికించినట్లు దేవీభాగవతం చెబుతుంది. సూతికాగృహంలో ఆరవ నాడు, ఇరవై ఒకటవ నాడు ఆమెను పూజించే సంప్రదాయం ఆ కథతోనే ముడిపడి ఉన్నది. ఇరవై ఒకటవ నాటి ఉయ్యాల వేడుకకు, తెలంగాణలో తొట్టెల వేడుకకు కూడా ఈ తల్లి అనుగ్రహాన్నే కోరుతాం.

పేరు

పదవ నాడు తల్లి లేచి స్నానం చేసిన తరువాత తండ్రి, తల్లి కలిసి పేరు పెట్టాలని ఆపస్తంబుడు చెప్పాడు. తల్లి పేరు అక్కడ విడిగా ఉన్నది, గమనించండి. పేరును మేనత్త, తాత, జ్యోతిష్కుడు, ఫోనులోని పట్టిక నిర్ణయించి, చివరికి తల్లికి తెలియజేయడం చూస్తున్నాను. మగపిల్లవానికి రెండు గాని నాలుగు గాని అక్షరాలు, ఆడపిల్లకు బేసి సంఖ్యలో అక్షరాలు ఉండాలన్నది విధి. మొదటి అక్షరం నక్షత్ర పాదాన్ని బట్టి ఉండాలన్న పట్టుదలతో అర్థం లేని పేర్లు పుట్టుకొస్తున్నాయి. నక్షత్ర నామం వేరు, అది రహస్యం. వ్యవహార నామం మీ ఇష్టదైవానిది, పితామహులది పెట్టుకోండి. గర్గమహర్షి రామకృష్ణులకు గోశాలలో, నలుగురికీ తెలియకుండా పేర్లు పెట్టాడు. ఫంక్షన్ హాలులో సౌండు బాక్సుల మధ్య పదకొండు రోజుల పసికందును అయిదు వందల మంది చేతులు మార్చడం కంటే ఆ గోశాల నయం.

విదేశాలలో ఉన్న దంపతులు ఈ మధ్య తరచుగా ఫోను చేస్తున్నారు. అమ్మకు వీసా రాలేదు, అత్తగారికి ఒంట్లో బాగుండలేదు, ఇంట్లో ఇద్దరమే, బారసాల ఎలా చేసుకోవాలని అడుగుతారు. "బాబాయిగారూ, ఏదైనా లోపం జరిగితే బిడ్డకు దోషమా?" అని ఆ అమ్మాయి గొంతు వణుకుతుంటుంది. ఏమీ లేదు తల్లీ. పదకొండవ నాడు ఇద్దరూ తలస్నానం చేయండి, ఇల్లు తుడిచి దీపం వెలిగించండి. వీడియోలో నేను పుణ్యాహవచనం చెబుతాను, ఆ నీళ్లు మీరే చల్లుకోండి. పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో మీ ఆయన పేరు రాస్తాడు. ఇద్దరూ కలిసి బిడ్డ కుడి చెవిలో మూడుసార్లు మెల్లగా పలకండి. ఉయ్యాల లేకపోతే మీ ఒడే ఉయ్యాల. ఆ బియ్యాన్ని మరునాడు మీ ఆయన చేత వండించుకొని, నెయ్యి వేసుకొని, బిడ్డ నిద్రపోతున్నప్పుడు వేడివేడిగా తినండి.